కాగితం డైనోసార్: పడిపోవడం, చిరిగిపోవడం, ఊడిపోవడం - కారణాలు, పరిష్కారాలు

ఏ4 సైజు అట్టను మధ్యకు మడిచి, మడత వైపు వీపు వచ్చేలా గీసి కత్తిరించే బొమ్మ గురించి ఇది. లోపం చాలాసార్లు పిల్లల చేతిలో కాదు, మనం ఇచ్చిన కాగితంలో ఉంటుంది.

కత్తిరించగానే రెండు ముక్కలైంది

వీపును మడత వైపు కాకుండా విడిగా ఉన్న అంచు వైపు గీసి ఉంటారు. ఇకపై గీయకముందే మడత పొడవునా ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టండి, అక్కడ కత్తెర పెట్టకూడదు. వీపు దగ్గర కనీసం 5 సెం.మీ. మడత తెగకుండా మిగలాలి. ఇప్పటికే తెగిపోతే 3 సెం.మీ. వెడల్పు పట్టీని నిలువునా మడిచి, రెండు ముక్కల లోపలివైపు అంటిస్తే సరి.

నిలబడటం లేదు

ఎటు పడుతోందో ముందు చూడండి.

కాళ్లు పక్కలకు జారి పొట్ట నేలకు ఆనుతుంటే కాగితం పలచన. ప్రింటర్‌లో వాడే 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) కాగితం ఈ పనికి ఆగదు; 180 నుంచి 220 జీఎస్ఎమ్ అట్ట కావాలి. అది లేకపోతే రెండు మామూలు కాగితాలు గ్లూ స్టిక్‌తో అంటించి, పుస్తకం కింద ఆరబెట్టండి. ఎడమ, కుడి కాళ్ల మధ్య లోపలివైపు చిన్న పట్టీ అడ్డంగా అంటిస్తే ఇక జారవు.

ముక్కు మీద పడుతుంటే తల బరువు ముందు పాదాలను దాటిపోతోందన్నమాట. తోక చివర లోపల రెండు మూడు అట్టముక్కలు అంటించండి. పక్కకు ఒరిగితే కాళ్లు హెచ్చుతగ్గులుగా ఉన్నాయి. బొమ్మను మళ్లీ మడిచి, పాదాలన్నీ ఒకే గీత మీద కోయండి.

టీరెక్స్‌ది వేరే గొడవ. రెండు కాళ్లే కాబట్టి చాలామంది తోకను నేలకు ఆనిస్తారు. బొమ్మ నిలబడుతుంది, కానీ అసలు జంతువు తోకను నేలకు సమాంతరంగా పైకెత్తే నడిచేది. ఆ భంగిమే కావాలంటే పాదాలను 1.5 సెం.మీ. బయటికి మడిచి అట్ట మీద అంటించాలి. చేతికి రెండే వేళ్లు, ఒక్క కోత చాలు.

మడత దగ్గర అట్ట పగిలింది

అట్టను నారకు (లోపలి పీచు సాగిన దిశకు) అడ్డంగా మడిచారు. రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగితే అటే మడవాలి. స్కేలు ఆన్చి, ఇంకు అయిపోయిన పెన్నుతో ముందు ఒత్తి గీస్తే మడత చక్కగా వస్తుంది.

స్టెగోసారస్ పలకలు ఊడిపోతున్నాయి

స్టెగోసారస్ అంటే వీపు మీద నిలువు పలకలుండే డైనోసార్. క్రేయాన్ రంగులోని మైనం మీద జిగురు పట్టదు. అంటించే చోటును రంగు వేయకుండా వదిలేయండి. ప్రతి పలక అడుగున 1 సెం.మీ. మడత ఉంచి, ఒకటి వీపుకు ఎడమన, తర్వాతది కుడిన, ఎదురెదురుగా కాకుండా అంటించాలి. అసలు జంతువుకు 17 నుంచి 22 దాకా ఉండేవి, చిన్న బొమ్మకు ఏడు చాలు.

జిగురు పెట్టినచోట ముడతలు

తెల్ల జిగురులోని నీళ్ల వల్ల. పలచగా రాయండి, లేదా గ్లూ స్టిక్ వాడండి.

అంచులు వంకరటింకర

కత్తెర కాదు, కాగితం తిరగాలి. ఎడమచేతి వాటం పిల్లలకు మామూలు కత్తెర కాగితాన్ని నలిపేస్తుంది. వాళ్లకోసం చేసిన కత్తెరే ఇవ్వండి.