ఆస్ట్రేలియాకు వచ్చే నల్లగొండ, పాలమూరు కుటుంబాలకు: పిల్లలను ఎండ నుంచి కాపాడుకోవడం

మన నల్లగొండ, పాలమూరు వైపు నుంచి బ్రిస్బేన్‌కు వచ్చే కుటుంబాలలో చాలామంది, పిల్లల బడి మొదలయ్యే సమయానికి అందుకోవాలని జనవరిలో ఇక్కడ దిగుతారు. ఊళ్లో సంక్రాంతి చలి ఉండే ఆ రోజులలో ఇక్కడ నడి వేసవి. రోహిణి కార్తెలో 45 డిగ్రీల ఎండను చూసినవారికి ఇక్కడి 29 డిగ్రీలు ఒక లెక్క కాదనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

మనం ఎండను వేడితోనే కొలుస్తాం. ఒళ్లు కాలితే నీడకు పోతాం, తలకు తువాల చుట్టుకుంటాం, వడదెబ్బ తగలకుండా అంబలి తాగుతాం. కానీ చర్మాన్ని, కళ్లను దెబ్బతీసేవి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు. గాలి చల్లగా ఉన్నా, మబ్బు పట్టినా అవి వస్తూనే ఉంటాయి. మేము వచ్చిన రెండో వారంలో, చల్లగాలి వీస్తున్న ఒక ఆదివారం, మా పాప సముద్రపు ఒడ్డున మూడు గంటలు ఆడుకుంది. చుక్క చెమట పట్టలేదు. రాత్రి తల దువ్వబోతే దువ్వెన తగలనివ్వలేదు. రెండు జడలకు తీసిన పాపట పొడవునా చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

అందువల్ల ఇక్కడ ఉష్ణోగ్రతతో పాటు, అతినీలలోహిత కిరణాల తీవ్రతను అంకెలలో చెప్పే యూవీ సూచికను కూడా చూడడం అలవాటు చేసుకోవాలి. సన్‌స్మార్ట్ అనే ఉచిత యాప్‌లో అది కనిపిస్తుంది. ఆ అంకె 3కు చేరగానే జాగ్రత్తలు మొదలుపెట్టాలి. వేసవి మధ్యాహ్నాలలో 11 దాటడం మామూలే. బ్రిస్బేన్‌లో చలికాలపు మధ్యాహ్నాలలోనూ 3 దాటుతుంది.

కాన్పు సాయానికి వచ్చే అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ సంగతి ముందే నెమ్మదిగా వివరించాలి. పసిబిడ్డకు నూనె పెట్టి లేత ఎండలో పడుకోబెట్టడం వారి అలవాటు, దాని వెనుక ఉన్నది ప్రేమే. అయితే ఇక్కడి వేసవిలో ఉదయం ఎనిమిది కాకముందే సూచిక 3 దాటే రోజులుంటాయి, కొబ్బరినూనె ఆ కిరణాలను ఆపలేదు. ఆరు నెలల లోపు బిడ్డలకు సన్‌స్క్రీన్ (ఆ కిరణాల నుంచి చర్మాన్ని కాపాడే లేపనం) మీద ఆధారపడకుండా, నీడనూ ఒళ్లంతా కప్పే పలుచని నూలు బట్టలనూ నమ్ముకోవడం మంచిది.

పెద్ద పిల్లలకు బడే సగం నేర్పుతుంది. చాలా ప్రాథమిక పాఠశాలల్లో టోపీ లేని పిల్లలను ఎండలో ఆడనివ్వరు. క్రికెట్ టోపీ చెవులను, మెడను కాపాడదు కాబట్టి చుట్టూ వెడల్పు అంచు ఉన్నదే కొనండి. 1981లో మొదలైన ‘స్లిప్, స్లాప్, స్ల్యాప్’ ప్రచారం చెప్పేది ఇదే: చొక్కా తొడుక్కో, సన్‌స్క్రీన్ రాసుకో, టోపీ పెట్టుకో. తరువాత దానికి నీడను, నల్ల కళ్లజోడును చేర్చారు.

సన్‌స్క్రీన్ ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30కి తగ్గకుండా చూసి, బయటికి వెళ్లే 20 నిమిషాల ముందు రాసి, ప్రతి రెండు గంటలకూ, ఈత తరువాతా మళ్లీ రాయాలి. పౌడరు అద్దినట్టు పలుచగా రాస్తే చాలదు. చెవులు, మెడ వెనుక భాగం, పాదాల పైభాగం మరిచిపోకండి.

మన చామనఛాయ ఒంటికి ఏమీ కాదనే మాటలో కొంత నిజముంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా ఉన్నవారికి చర్మ క్యాన్సర్ ముప్పు తక్కువే. అయినా చర్మం కమలడం, మచ్చలు పడడం, కళ్లకు హాని జరగడం మనకూ తప్పవు. మరోవైపు, ముదురు రంగు చర్మానికి విటమిన్ డి తయారుచేసుకోవడానికి ఎక్కువ సేపు ఎండ అవసరం. అందుకని పిల్లలను ఇంట్లో బంధించకుండా, ఎంతసేపు ఎండలో ఉంచవచ్చో మీ కుటుంబ వైద్యుడిని అడగండి.

సెలవులకు ఊరికి వెళ్లేటప్పుడు టోపీలను ఇక్కడే వదిలేయకండి. మన వైపు ఎండాకాలంలోనూ సూచిక 11 దాటుతుంది. అన్నదమ్ముల పిల్లలకూ రెండు టోపీలు పెట్టెలో సర్దుకోండి.