లైబ్రరీలో డిజిటల్ ఆర్ట్ ఫెలోషిప్: ముందు స్టాక్ గదిలోకి వెళ్లండి

హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో డిజిటైజేషన్ విభాగంలో పనిచేస్తాను. పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు వేసవిలో ఇచ్చే డిజిటల్ ఆర్ట్ ఫెలోషిప్ (లైబ్రరీలోని పాత వస్తువులతో తెర మీద చూపే కళాకృతులు చేసేది) దరఖాస్తులు చదివేవాళ్లలో నేనూ ఉంటాను. ఎంపికైనవాళ్లు ఎండాకాలమంతా కూర్చునేది మా గదిలోనే. ప్రకటన పడగానే "మేడమ్, ఏం రాస్తే సెలెక్ట్ అయితం?" అని అడగడానికి వస్తారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

చాలా దరఖాస్తులు సాఫ్ట్‌వేర్ పేరుతో మొదలవుతాయి. ఏఐతో చార్మినార్, వీఆర్‌లో గోల్కొండ. అవి ఇంట్లో కూర్చునీ చేయొచ్చు, లైబ్రరీ అక్కర్లేదు. నేను మొదట వెతికేది ఒక్కటే: మా దగ్గరున్న ఏ వస్తువు మీద పనిచేస్తారు? పుస్తకమైనా, మ్యాపైనా, పాత పత్రికల బౌండైనా సరే, దాని పేరూ, కాల్ నంబరూ (లైబ్రరీలో దాన్ని వెతికే గుర్తు సంఖ్య) రాసిన దరఖాస్తు అక్కడే సగం గెలుస్తుంది. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద మీద చేస్తామని రాస్తుంటారు. మంచి విషయమే, కానీ ఒక వేసవికి మోయలేనంత పెద్దది. ఆ వరద తర్వాతి ఏళ్లలో ఇంజనీర్ లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని కొలిచి మ్యాపులు గీశారు. వాటిలో నదిని ఆనుకున్న ఒక్క షీటు తీసుకుని, ఆ సందుల్లో ఇప్పుడు నడిచి, ఏం మిగిలిందో చూపిస్తామంటే పని కళ్లముందు కనబడుతుంది.

అందుకే రాసేముందు కొన్నాళ్లు స్టాక్ గదుల్లో, అంటే పుస్తకాలు దాచే గదుల్లో, తిరగండి. ఆన్‌లైన్ కేటలాగ్‌కి ఎక్కనివి ఎన్నో ఉంటాయి. ఏ బీరువాలో ఏముందో అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన అటెండర్లకు తెలుసు. వాళ్లను పేరుపెట్టి పలకరించి, కూర్చుని అడగండి. పాత ఉర్దూ పుస్తకం దొరికితే భయపడి వదిలేయకండి. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన నగరం ఇది, చదివిపెట్టేవాళ్లు క్యాంపస్‌లోనే దొరుకుతారు.

ఫైన్ ఆర్ట్స్ వాళ్లకే ఇస్తారనే అపోహ ఉంది. నాకు బాగా నచ్చిన పనుల్లో ఒకటి తెలుగు ఎంఏ అమ్మాయి చేసింది. పుస్తకం చివరి అట్టకి అతికించిన డేట్ స్లిప్‌లు, అంటే పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీలు కొట్టే కాగితాలు, తీసుకుని తెర మీద కదిలే పనిగా చేసింది. ఊదా రంగు సిరాతో కొట్టిన తేదీలు, కొన్ని తలకిందులుగా, కొన్ని ఒకదాని మీద ఒకటి. ఒక నవల స్లిప్ పరీక్షల నెలల్లో నిండిపోయి, తర్వాత ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. ఆ పుస్తకాన్ని మళ్లీ ఎవరో అడిగిన తేదీ దగ్గర తెర మీద రంగు నెమ్మదిగా తిరిగొస్తుంది. అంతే. చూస్తూ నిలబడిపోయాం. తీసుకున్నవాళ్ల పేర్లున్న కార్డులు మాత్రం ఆమె ముట్టుకోలేదు. మీరూ ముట్టుకోకండి. ఎవరు ఏం చదివారో తెర మీద పెట్టే హక్కు మనకు లేదు.

ప్రపోజల్ ఒక పేజీ చాలు. వస్తువేమిటి, దానిలో మీకు ఏం కనిపించింది, చూసేవాళ్లకు తెర మీద ఏం కనిపిస్తుంది, వారంవారం ఏం చేస్తారు. మీకు 8 వారాలున్నాయనుకోండి, మొదటి రెండూ చూడటానికీ స్కాన్‌కీ పోతాయి. మూడో వారానికల్లా అర నిమిషం నమూనా అయినా చేతిలో ఉండాలి. చివరి రెండు వారాల్లో కొత్తది ఏదీ చేర్చకండి. ఖర్చుల్లో హార్డ్ డిస్క్, ప్రింట్లు రాయండి. ప్రొజెక్టర్ లైబ్రరీలో లేకపోతే దాని అద్దె సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో కనుక్కుని రాయండి. ట్రయల్ వెర్షన్ల మీద ఆధారపడొద్దు. కోడ్‌తో బొమ్మలు చేసే పీ5 జేఎస్, 3డీకి బ్లెండర్, బొమ్మలు గీయడానికి క్రిటా, ఇంక్‌స్కేప్ ఉచితమే.

లైబ్రరీలో ఉన్నంత మాత్రాన వాడుకునే హక్కు వచ్చేయదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, స్వేచ్ఛగా వాడుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి 2043 చివరిదాకా అనుమతి కావాలి. ముఖచిత్రం గీసినవారి లెక్క వేరే చూసుకోవాలి.

స్కాన్ దగ్గర ఒక లెక్క నేర్చుకోండి. మామూలు పేజీకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది. కానీ 2 సెంటీమీటర్ల వెడల్పున్న స్టాంపు ముద్రను ఆ లెక్కన తీస్తే వచ్చేది దాదాపు 236 పిక్సెళ్లు. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద సగం దాకా పెంచారంటే అలుక్కుపోతుంది. దానికి 1200లో తీయాలి. నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచి, పనికి జేపీజీ కాపీ వాడండి. పాత బైండింగుని అదిమి స్కానర్ అద్దం మీద పడేయకండి, పైనుంచి కెమెరాతో మేమే తీసిస్తాం.

తెలుగు అక్షరాలతో పనిచేసేవాళ్లు ఇక్కడ బాగా ఇబ్బంది పడతారు. పీ5 పాత (1.x) వెర్షన్లలో ఫాంట్ ఫైలుని లోడ్ చేసి రాయిస్తే ఒత్తులు విడిపోయి కనబడుతుంటాయి. ఆ ఫాంట్‌ని వెబ్ ఫాంట్‌గా పేజీకి జోడించి, కోడ్‌లో పేరు మాత్రం ఇవ్వండి. అప్పుడు అక్షరాలు కూర్చే పని బ్రౌజర్ చూసుకుంటుంది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇంకోటి, అక్షరాలను ఒక్కొక్కటిగా ఎగరేయాలంటే కోడ్‌లోని టెక్స్ట్‌ని (స్ట్రింగ్) ఊరికే ముక్కలు చేయకండి. "స్త్రీ" మన కంటికి ఒక అక్షరం, కంప్యూటర్‌కి ఆరు కోడ్‌లు. ఎక్కడ తెగాలో మీరే జాబితా రాసి ఇవ్వడం అన్నిటికంటే నమ్మకమైన దారి. విసుగ్గా ఉంటుంది, అయినా చేయండి. విరిగిన తెలుగుని గోడంత తెర మీద చూడటం నాకు కష్టం.

ప్రదర్శన ఎక్కడో మొదటి వారమే అడగండి. రీడింగ్ హాల్ పక్కనైతే శబ్దం కుదరదు, కథంతా బొమ్మే చెప్పాలి. కిటికీలున్న చోటైతే మధ్యాహ్నం మూడింటికి వెళ్లి తెర చూడండి. మే నెల వెలుతురులో లేత రంగులు అసలు కనబడవు. నిలబడి చూసేవాళ్లకు రెండు మూడు నిమిషాల లూప్ చాలు. మన దగ్గర మే గాలివానలకు కరెంటు పోవడం మామూలే. కరెంటు వచ్చాక కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ చాలా కంప్యూటర్లలో బయోస్‌లో (ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లో) ఉంటుంది, పెట్టించండి. కోడ్‌తో నడిచే పనైనా ఎంపీ4 రికార్డింగ్ ఒకటి పక్కన ఉంచండి.

చివరగా అప్పగింత. కోడ్, ఫాంట్లు, స్కాన్లు, ఏది ఎక్కడినుంచి తీసుకున్నారో కాల్ నంబర్లతో ఒక టెక్స్ట్ ఫైలు, అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. సాయం చేసిన అటెండర్ల పేర్లు, వాళ్లు సరేనంటే, గోడ మీది పరిచయ పత్రంలోనే రాయండి. వెళ్లేముందు ఆ ఫోల్డర్‌ని మా గది కంప్యూటర్‌లోకి ఎక్కించి, మీ ల్యాప్‌టాప్ మూసేసి, పని మొదటినుంచి చివరిదాకా నడుస్తుందో లేదో నా ముందు ఒకసారి నడిపి చూపించండి.