రీమ్యాప్ చేయించాలనుకుంటున్నారా, ముందు షాపు సంగతి చూడండి

కారు ట్యూన్, అదే రీమ్యాప్, చేయించాలనుకునే ఫ్రెండ్స్ అందరూ ముందు అడిగేది పవర్ ఎంత పెరుగుద్ది, డబ్బులు ఎంత తీసుకుంటారు అని. ఆ రెండూ తర్వాత అడగొచ్చు. బండి ఎవరి చేతిలో పెడుతున్నామో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో, ఫైల్ మార్చేస్తే బయటికి ఏమీ కనపడదు, బోనెట్ ఎత్తి చూసినా తెలీదు, పని సరిగ్గా చేశాడా లేదా అనేది ఎండాకాలంలో హైవే మీద తెలుస్తుంది. నాకు అట్లాగే తెలిసింది.

నాది 2017 పోలో జీటీ టీఎస్ఐ, సెకండ్ హ్యాండ్‌లో బెజవాడలోనే కొన్నా. 1.2 లీటర్ టర్బో పెట్రోల్, కంపెనీ లెక్క ప్రకారం 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. కొన్న రెండు నెలలకే స్టేజ్ 1, అంటే పార్టులేమీ మార్చకుండా ఫైల్ ఒక్కటే మార్చే ట్యూన్, వేయించేశా. ఒకాయన ల్యాప్‌టాప్ బ్యాగేసుకుని మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కే వచ్చాడు, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ పోర్ట్‌కి కేబుల్ పెట్టాడు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది అన్నాడు. బండి ఎంత తిరిగింది, ప్లగ్గులు ఎప్పుడు మార్చారు, ఏ పెట్రోల్ కొట్టిస్తారు, ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. జనవరి సాయంత్రం కదా, గాలి చల్లగా ఉంది, బండి దూసుకుపోయింది, నేను ఎంత సంతోషపడ్డానో. మే నెలలో అమ్మని తీసుకుని హైదరాబాద్ వెళ్తుంటే నందిగామ దాటాక లారీని ఓవర్‌టేక్ చేద్దామని తొక్కాను, బండి ఒక్కసారి ఎగిరెగిరి పడ్డట్టు జెర్క్ ఇచ్చింది, మీటర్లో ఇంజిన్‌లో తేడా ఉందని చెప్పే ఈపీసీ లైట్ వెలిగింది, ఇంక పికప్ లేదు, వెనక నుంచి బస్సోడు ఆపకుండా హారన్. ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బండితో వచ్చిన కంపెనీ ఫైల్ తిరిగి వేయమని మెసేజ్ పెడితే రెండు రోజుల తర్వాత, అది సేవ్ చేయలేదు బ్రో అని రిప్లై వచ్చింది.

ఆ తర్వాత మంచి షాపు వెతకడానికి నేను వాడిన పద్ధతి ఇప్పటికీ అందరికీ చెప్తున్నా. ట్యూన్ చేయించుకున్నోళ్లని అడిగితే అందరూ సూపర్ అనే అంటారు, డబ్బులు పెట్టినోడు బాలేదని ఎందుకంటాడు. పాడైన బండ్లు బాగుచేసేవాళ్లని అడగండి. టర్బోలు రిపేర్ చేసేవాళ్లు, గేర్‌బాక్స్ దింపేవాళ్లు, ఇంజిన్ ఓవరాల్ చేసే మేస్త్రీలు, వీళ్ల షెడ్‌కి వెళ్లి కాసేపు కూర్చుని అన్నా, ఏ షాపులో ట్యూన్ చేసిన బండ్లు మీ దగ్గరికి ఎక్కువ వస్తున్నాయి అని అడగండి. మన ఆటోనగర్‌లో ఇట్లాంటి మేస్త్రీలకి కొదవ లేదు. మా నాన్న బండ్లు చూసే మేస్త్రీనే నాకు రెండు పేర్లు వద్దన్నాడు, ఒక పేరు చెప్పాడు. వద్దన్న పేర్లు కూడా చెప్పిన పేరంత ఉపయోగపడతాయి, రాసి పెట్టుకోండి.

ఇక షాపుకి వెళ్లాక మొదటి అరగంటలో వాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. నేను వెళ్లిన ఆ రెండో షాపాయన గంటసేపు ట్యూనింగ్ ల్యాప్‌టాప్ తెరవలేదు. స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్లు చదివాడు, మూడో సిలిండర్ మిస్‌ఫైర్ కోడ్ ఉంది. కాయిల్ పీకి, ప్లగ్ విప్పి అరచేతిలో పెట్టి నాకు చూపించాడు, ఎలక్ట్రోడ్ అరిగి గ్యాప్ తెరుచుకుపోయి ఉంది, గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ పెడితే మామూలుగా ఉండాల్సిన బ్లేడు వదులుగా ఆడుతోంది. బూస్ట్, అదే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచితే ఆ ప్లగ్గు మంట నిలబడదు సార్, స్పార్క్ ఆరిపోద్ది, అందుకే మీ బండి హైవేలో పడుకుంది, ఇప్పుడు ట్యూన్ వేయను, ముందు ఇవి మార్చుకోండి అన్నాడు. మా ఈసీయూ సాఫ్ట్‌వేర్ నంబర్ చూసి దానికి సరిపోయే కంపెనీ ఫైల్ వేసి పంపించేశాడు, స్కానింగ్ డబ్బులు, ఆ ఫైల్ డబ్బులు తప్ప ఇంకేం తీసుకోలేదు. చేతికి వచ్చిన పనిని వద్దని చెప్పి పంపినోడి దగ్గరికే మూడు వారాల తర్వాత ప్లగ్గులు, కాయిల్ మార్పించుకుని మళ్లీ వెళ్లా.

అడగాల్సిన వాటిల్లో ముఖ్యమైనది, ఫైల్ ఎవరు రాస్తారు అన్నా, అని. చాలా చిన్న షాపుల దగ్గర ఉండేది స్లేవ్ టూల్, అంటే బండి నుంచి చదివిన ఫైల్‌ని వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో ఉన్న ట్యూనర్‌కి పంపుతారు, ఆయన మార్చి పంపిస్తే వీళ్లు ఎక్కిస్తారు. అది తప్పేం కాదు, మంచి ట్యూనర్లతో పనిచేసే షాపులు కూడా ఇట్లాగే చేస్తాయి. కానీ ఆ సంగతి దాచకుండా చెప్పాలి, మీ బండి లాగ్ చూసి ఆయన ఫైల్ మళ్లీ సరిచేసి పంపుతాడా, లేక ఒకటే ఫైల్ అన్ని పోలోలకీ వేసేస్తారా అనేది తెలియాలి. అడిగితే అవన్నీ మీకెందుకు బ్రో అన్నారంటే అక్కడి నుంచి వచ్చేయండి.

లాగ్ అంటే ఏంటో కూడా తెలుసుకుని వెళ్లండి, అప్పుడు మీతో మాట్లాడే తీరు మారుద్ది. బండి నడుపుతూ బూస్ట్ ఎంత అడిగింది ఎంత వచ్చింది, లోపలికి వెళ్లే గాలి వేడి ఎంత, నాకింగ్ (పెట్రోల్ తనంతట తాను మండి ఇంజిన్ కొట్టుకోవడం) వల్ల స్పార్క్ పడే టైమింగ్ ఎన్ని డిగ్రీలు వెనక్కి తీసింది, ఇవి రికార్డ్ చేస్తారు. డీజిల్ అయితే రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడి, చూస్తారు. ట్యూన్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి తీసి ఆ రెండూ మీకు ఇవ్వాలి. డైనో, అంటే బండి పవర్ కొలిచే మెషిన్, దాని మీద చేస్తే ఇంకా మంచిదే, మన రెండు రాష్ట్రాల్లో అది ఉన్న షాపులు తక్కువ కాబట్టి చాలామంది బెంగళూరు దాకా పోతారు. అయితే డైనో కాగితం చూసి మోసపోవద్దు. చక్రాల దగ్గర కొలిచిన పవర్ వేరు, ఇంజిన్ దగ్గర లెక్క వేరు, మధ్యలో గేర్‌బాక్స్, షాఫ్టుల్లో కొంత పోద్ది. కంపెనీ చెప్పే 105 ఇంజిన్ లెక్క. ట్యూన్‌కి ముందు, తర్వాత అదే రోజు, అదే మెషిన్ మీద, అదే గేర్‌లో తీసిన రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూపిస్తేనే ఎంత పెరిగిందో తెలుస్తుంది.

గేర్‌బాక్స్ గురించి షాపోడే ముందు మాట్లాడితే నాకు నమ్మకం పెరుగుద్ది. నా బండిలో ఉన్న డ్రై క్లచ్ డీఎస్‌జీ 250 న్యూటన్ మీటర్ల వరకే తట్టుకునేలా చేసింది. ఇంజిన్ ఇంకా ఇవ్వగలదు, గేర్‌బాక్స్ తీసుకోలేదు. మా షాపాయన ఆ లిమిట్‌కి బాగా కిందే ఆపాడు, కింద ఆర్‌పీఎంలో టార్క్ మెల్లగా వచ్చేలా పెట్టించాడు. ఇంకా కావాలంటే వేసేస్తాం, ఏం కాదు అనేవాడు మీ క్లచ్ ప్యాక్ ఖర్చు భరించడు కదా.

ఎండ, పెట్రోల్ ఈ రెండూ మన దగ్గర చాలా పెద్ద విషయాలు. మే నెలలో బెజవాడ రోడ్డు మీద టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి తగిలే గాలే నిప్పులా ఉంటుంది, చల్లటి దేశంలో రాసిన ఫైల్ ఇక్కడ వేస్తే ఇంజిన్ నాక్ అవుతూనే ఉంటది, ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతూనే ఉంటది, చివరికి పాత పవర్ కూడా రాదు. బంకుల్లో ఇప్పుడు మామూలు పెట్రోల్ అంటే ఈ20, కొన్నేళ్ల కింద రాసిన ఫైల్ అదే ఇంకా వేస్తున్నారా లేక దీనికి సరిచేశారా అడగండి. ఎక్కువ ఆక్టేన్ ఉండే ఎక్స్‌పీ95 పెట్రోల్ కొట్టిస్తేనే పనిచేసే ఫైల్ అయితే అది ముందే చెప్పాలి, మీరు శ్రీకాకుళం వైపో ఆదిలాబాద్ వైపో వెళ్లినప్పుడు దారిలో అది దొరక్కపోతే ఏం చేయాలో కూడా చెప్పాలి.

ఫైల్ ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడండి. ఇది చూడటానికి చిన్న విషయం, కానీ నేను దీన్నే మొదట గమనిస్తా: బోనెట్ ఎత్తి బ్యాటరీకి ఛార్జర్ క్లిప్పులు తగిలించారా లేదా. ఈసీయూకి రాస్తున్నప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, మధ్యలో వోల్టేజ్ పడిపోతే రాత సగంలో ఆగిపోయి ఈసీయూ మూగబోవచ్చు, బండి స్టార్టే కాదు. నా రెండో షాపాయన క్లిప్పులు పెట్టి, మీటర్‌తో వోల్టేజ్ చూసి, ఏసీ, లైట్లు, మ్యూజిక్ ఆపించి, డోర్ తీయొద్దు సార్ అని నాకు చెప్పి అప్పుడు మొదలెట్టాడు. పార్కింగ్‌కి వచ్చినాయన ఇవేవీ చేయలేదు, బండి ఆ రోజు బతికి బయటపడటం నా అదృష్టం.

కంపెనీ ఫైల్ మీ పెన్‌డ్రైవ్‌లోకి ఇవ్వమనండి, లేదా మెయిల్ చేయమనండి. కొన్ని ఈసీయూల నుంచి ఓబీడీ ద్వారా పూర్తిగా చదవడం కుదరదు, అప్పుడు సాఫ్ట్‌వేర్ నంబర్ పట్టుకుని ఒరిజినల్ తెప్పిస్తారు, అది మామూలే, ఆ నంబర్ అయినా రాయించుకోండి. అట్లాగే వేసిన ఫైల్ వివరం, తేదీ, కిలోమీటర్లు, ఎన్ని రోజుల్లోపు మళ్లీ ఉచితంగా సరిచేస్తారు, ఇవన్నీ బిల్లు మీద రాయించండి. బిల్లు లేకుండా తగ్గిస్తా అంటే ఒప్పుకోవద్దు.

డీజిల్ బండి వాళ్లకి ఒక మాట. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) తీసేస్తాం, ఈజీఆర్ (కొంత పొగని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) మూసేస్తాం, మైలేజ్ పెరుగుద్ది అని మొదటి మాటలోనే అనే షాపులున్నాయి. బీఎస్6 బండిలో అవి కాలుష్యం తగ్గించడానికి పెట్టినవి, తీయడం చట్టవిరుద్ధం, ఆ పొగ పీల్చేది మన పిల్లలే. అట్లాంటి పని చేసే చోట నేను పెట్రోల్ బండి కూడా ఇవ్వను.

చట్టం సంగతి కూడా షాపోడు దాచకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 సవరణ తర్వాత 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్ గానీ 6 నెలల వరకు జైలు గానీ రెండూ గానీ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా మార్చిన బండికి యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పెట్టొచ్చు. వారంటీలో ఉన్న బండి అయితే, షోరూమ్‌లో తెలీకుండా మళ్లీ కంపెనీ ఫైల్ వేసేస్తాం అనే మాట నమ్మొద్దు, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లలో షోరూమ్ కంప్యూటర్‌కి తగిలించగానే సాఫ్ట్‌వేర్ మారిందని పట్టుకుని టీడీ1 అని మార్క్ పెట్టేస్తుంది, అది పడితే ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇవన్నీ ముందే చెప్పి, ఆలోచించుకుని రండి అన్న షాపు దగ్గర కాస్త ఎక్కువ డబ్బులైనా పర్లేదు.

ట్రయల్ ఎక్కడ వేస్తారో చూడండి. జనాలున్న రోడ్డు మీద మిమ్మల్ని కూర్చోబెట్టుకుని ఫుల్లుగా తొక్కి చూపించేవాడికి బండి మీద గౌరవం లేదని నా అభిప్రాయం. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద కూడా లిమిట్ 120, ట్యూన్ చేసిన బండికి వేరే లిమిట్ లేదు.

పని అయ్యాక వారం రోజులు మామూలుగా నడపండి, 1,000 కిలోమీటర్ల లోపు మళ్లీ వెళ్లి స్కాన్ చేయించి కోడ్లు ఏమన్నా పడ్డాయేమో చూడండి. ట్యూన్ చలికాలంలో చేయించి ఉంటే ఏప్రిల్ చివర్లోనో మేలోనో మధ్యాహ్నం ఎండలో ఇంకో లాగ్ తీయించండి, మా షాపాయన దానికి డబ్బులు తీసుకోలేదు, మూడో గేర్‌లో టైమింగ్ మూడు డిగ్రీలు వెనక్కి పోతోందని చూసి బూస్ట్ కొంచెం తగ్గించి ఇచ్చాడు. ఆ తర్వాత రెండు మే నెలలు గడిచాయి, అమ్మతోనే అదే హైవే మీద వెళ్లొచ్చా, ఈపీసీ లైట్ మళ్లీ వెలగలేదు.