నడుస్తున్న బండి ఆగిపోతే ముందు చూడాల్సింది ఎలా ఆగిందన్నదే

మా బైక్ రిపేరు షెడ్డు సూర్యాపేటలో, హైదరాబాద్ - విజయవాడ హైవే పక్కన ఉంది. బండి నెట్టుకుంటూ వచ్చినవారిని నేను మొదట అడిగేది ఒకటే: "ఎలా ఆగింది?" చాలామంది "ఆగిపోయిందన్నా, అంతే" అంటారు. అది నాకు చాలదు. ఠక్కున ఆగిందా, తడబడుతూ ఆగిందా, యాక్సిలరేటర్ వదలగానే ఆగిందా, బిగుసుకుపోయి ఆగిందా? ఇది తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. తెలియకపోతే ఒక్కో సామాను మార్చుకుంటూ పోవడమే, డబ్బు పోగొట్టుకోవడమే. ఇక్కడ చెబుతున్నది ఎక్కువగా కార్బొరేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న 100, 125 సీసీ బైకుల గురించి. పల్లెల్లో పాల క్యాన్లూ పురుగుమందు డబ్బాలూ ఇంకా వాటి మీదే తిరుగుతున్నాయి.

ఇంజిన్ ఆగగానే క్లచ్ పట్టి, ఉన్న వేగంతోనే ఎడమ పక్కకు దించండి. ఆ వెంటనే కిక్కు మీద కిక్కు కొట్టకండి. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు పెట్రోలుతో తడిసిపోయి, అసలు కారణం మరుగున పడుతుంది.

తడబడుతూ, పికప్ తగ్గుతూ, యాక్సిలరేటర్ ఇచ్చినకొద్దీ నీరసించి ఆగితే పెట్రోలు అందడం లేదని అనుమానించాలి. ఆగబోతున్నప్పుడు చోక్ లాగితే కాసేపు పుంజుకుందంటే ఆ అనుమానం బలపడుతుంది. ముందు ట్యాంకు కింది పెట్రోలు నాబ్ రిజర్వ్‌కు తిప్పి చూడండి. తర్వాత ట్యాంకు మూత తెరవండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి మామూలుగా స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. పెట్రోలు దిగినంత మేర గాలి లోపలికి రావాలి, రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగడం ఆగుతుంది. దుమ్ము, పాలిష్ ముద్ద, మూత మీద బిగుతుగా కూర్చున్న రెక్సిన్ కవరు, ఏదైనా ఆ రంధ్రాన్ని మూసేయవచ్చు. ఈ రంధ్రం సంగతి చూడకుండానే కొత్త కార్బొరేటర్ బిగించుకుని మా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు. కష్టపడి సంపాదించిన డబ్బు అలా పోతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మూతలో తప్పు లేకపోతే కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చే పెట్రోలును పారదర్శకమైన సీసాలో పట్టండి. ధార ఆగకుండా వస్తే సరఫరా బాగున్నట్టు. కొంచెం కారి చుక్కలుగా మారితే నాబ్ జల్లెడ గానీ పైపు గానీ చూడాలి. సీసా అడుగున నీటి పొర గానీ గుండ్రటి బిందువులు గానీ కనిపిస్తే ట్యాంకులో నీరు చేరింది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది కదా, అది కొంత నీటిని కలుపుకుంటుంది. హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. వానల్లో రోజుల తరబడి బయట నిలబెట్టిన బండ్లలో ఇది చూస్తుంటాను. అప్పుడు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి శుభ్రం చేయాల్సిందే.

తాళం తీసేసినట్టు ఠక్కున ఆగితే కరెంటు వైపు వెళ్లండి. అందరినీ ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. బండి కొంత దూరం బాగా నడుస్తుంది, వేడెక్కాక ఆగుతుంది, చెట్టు కింద కాసేపు నిలిపితే మళ్లీ నడుస్తుంది. నిప్పురవ్వ ఎప్పుడు రావాలో సంకేతమిచ్చే పికప్ కాయిల్‌లోనో, ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్‌లోనో సన్నని రాగి తీగ తెగి ఉంటే, వేడికి ఆ చివరలు విడిపోతాయి, చల్లారాక కలుస్తాయి. గాలి రంధ్రం మూసుకుపోయినా బండి కొంత దూరం నడిచి ఆగి, కాసేపటికి మళ్లీ నడుస్తుంది. అందుకే రెండింటి మధ్య పొరబడతారు. తేడా తేల్చాలంటే ఆగిన ఆ నిమిషంలోనే చూడాలి. మూత తెరిచినా స్టార్ట్ కాకపోతే, మూత మళ్లీ గట్టిగా బిగించి, కారిన పెట్రోలు తుడిచేసి, ప్లగ్గు విప్పండి. దాన్ని క్యాపులో పెట్టి, క్యాపు రబ్బరు దగ్గరే పట్టుకుని, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజిన్ లోహానికి ఆనించి కిక్ కొట్టండి. నీలిరంగు నిప్పురవ్వ చిటపటమంటూ రావాలి. రాకపోతే వేరే మంచి ప్లగ్గుతో మరోసారి చూడండి. అప్పుడూ రాకపోతే ప్లగ్గు క్యాపు, కాయిల్, సీడీఐ (నిప్పురవ్వను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) వరుసగా పరీక్షించాలి. చల్లారిన బండిని మెకానిక్ దగ్గరకు తెస్తే నిప్పురవ్వ చక్కగా వస్తుంది, ఆయనకు ఏ లోపమూ దొరకదు. ఆయన్ని మీ బండి మీదే ఒక చుట్టు తిప్పి, ఆగేదాకా నడపమనండి.

మలుపుల్లోనే ఆగుతుంటే మెయిన్ స్టాండ్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. దగ్గితే హెడ్‌లైట్ వెనక వైర్లు ఒరుసుకుపోయి ఉంటాయి. వానలో మాత్రమే ఆగితే రాత్రి చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు క్యాపు చుట్టూ చూడండి. పగుళ్లలోంచి నిప్పు బయటికి కొట్టడం కంటికే కనిపిస్తుంది.

సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ఆగితే స్లో (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) తగ్గి ఉంటుంది, లేదా ఆ వేగంలో పెట్రోలు అందించే కార్బొరేటర్‌లోని సన్న రంధ్రం, అంటే పైలట్ జెట్‌లో మురికి చేరి ఉంటుంది. ఈ బైకులకు స్లో సుమారు 1400 ఆర్‌పీఎం ఉండాలి.

ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బరువెక్కి ఆగిందా? కిక్ ముట్టుకోకండి. ఆయిల్ అయిపోయి పిస్టన్ పట్టేసి ఉండవచ్చు. చల్లారాక డిప్‌స్టిక్ చూడండి, ఆయిల్ గీత కింద ఉంటే బండిని ట్రాలీలో ఎక్కించి తీసుకెళ్లండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బైకుల్లో చాలావాటికి కార్బొరేటర్ లేదు, దాని బదులు పంపుతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ ఉంటుంది. ముందు సైడ్ స్టాండ్ పూర్తిగా లేచిందో లేదో చూడండి, స్టాండ్ సెన్సర్ ఉన్న బండ్లు గతుకుల్లో దాని వల్లే ఆగుతుంటాయి. తాళం చెవి ఆన్ చేయగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు ఆ పంపు గుయ్‌మనాలి. ఆ శబ్దం రాకపోతే ఫ్యూజు పెట్టె తెరిచి చూడండి, కాలిన ఫ్యూజు బదులు వేయడానికి అదే రేటింగ్ ఉన్న మరొకటి చాలా బండ్లలో ఆ పెట్టెలోనే ఉంటుంది.