మోటార్‌హోమ్ మీద యాంటెన్నా బిగించే ముందు

అమెరికాలో వేసవి ప్రయాణాలకు మోటార్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన బండి) సిద్ధం చేస్తూ 2 మీటర్ల బ్యాండ్ (సుమారు రెండు మీటర్ల పొడవు తరంగాల) హామ్ రేడియో (లైసెన్సుతో అభిరుచిగా నడిపే రేడియో) యాంటెన్నా పెట్టుకునేవారు డ్రిల్ చేతబట్టే ముందు ఇవి చూసుకోండి.

• పైకప్పుకు రంధ్రం వేసేముందు లోపలి సీలింగ్ లైటు విప్పి తొంగిచూడండి. ఏసీ గొట్టాలు, సోలార్ తీగలు ఆ మధ్యలోనే పోతుంటాయి. రంధ్రం చుట్టూ, ప్రతి స్క్రూ తల మీదా ల్యాప్ సీలెంట్ (బండి కప్పుల అతుకులకు వాడే జిగురు ముద్ద) నిండుగా పట్టించండి. రబ్బరు కప్పు మీద మామూలు సిలికాన్ పట్టు నిలవదు. ఆ సందులోంచి దిగిన నీరు కింది ప్లైవుడ్‌ను కంటికి కనబడకుండా కుళ్లబెడుతుంది. మరమ్మతు ఖర్చు ముందు రేడియో ఖరీదు ఏపాటి? వెనక నిచ్చెనకు క్లాంప్ వేస్తే సరిపోయేచోట అసలు రంధ్రమే వద్దు.

• ఫైబర్‌గ్లాస్, రబ్బరు కప్పులు గ్రౌండ్ ప్లేన్‌గా (యాంటెన్నా కింద ఉండాల్సిన లోహపు పరుపుగా) పనిచేయవు. క్వార్టర్ వేవ్ (తరంగంలో పావు వంతు పొడవున్న) యాంటెన్నా కింద మీటరు వెడల్పు రేకు, లేదా సుమారు 49 సెం.మీ. తీగలు నాలుగు పరవాలి. అంత చోటు లేకపోతే గ్రౌండ్ ప్లేన్ అక్కర్లేని హాఫ్ వేవ్ (సగం తరంగం పొడవుది) తీసుకోండి.

• రేడియోకు కరెంటు తెచ్చే తీగలో ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్యనున్న తీగ ఒరుసుకుని షార్టయితే ఆపేదేదీ ఉండదు, మంటే.

• కోయాక్స్ (యాంటెన్నాను రేడియోకు కలిపే కేబుల్) లోపలికి దూరేచోట కిందికి ఒక వంపు వదలండి, వాన నీరు అక్కడే కారిపోతుంది.

• ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) తక్కువ పవర్‌లో కొలవండి. 2 దాటితే పూర్తి పవర్ పెట్టకండి, ట్రాన్స్‌మిటర్ దెబ్బతినవచ్చు.

• 12 అడుగుల బండికి 19 అంగుళాల యాంటెన్నా చేరితే 13 అడుగుల 7 అంగుళాలు. తక్కువ ఎత్తు వంతెనల కింద దూరేముందు చూసుకునేలా కొత్త ఎత్తు రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి.