కల్చర్ పరీక్ష బిల్లు: క్లెయిములో కోత పడకుండా చూసుకోవడం ఎలా

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల ఆస్పత్రుల్లో తగ్గని జ్వరంతోనో, మూత్రంలో మంటతోనో, మానని పుండుతోనో చేరిన రోగికి డాక్టర్లు తరచుగా కల్చర్ పరీక్ష, అంటే శాంపిల్‌లోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష, రాస్తారు. రక్తకణాల లెక్క, షుగర్, క్రియాటినిన్ వంటి పరీక్షల రిపోర్టు పూటలో చేతికొస్తుంది గాని, కల్చర్‌లో సూక్ష్మజీవి పెరిగేదాకా ఆగాలి. మూత్రం కల్చర్‌కు 24 నుంచి 48 గంటలు పడుతుంది, సూక్ష్మజీవి పెరిగితే ఏ మందుకు లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్షకు ఇంకో రోజు కావాలి. రక్తం కల్చర్‌నైతే సాధారణంగా 5 రోజులు చూసిన తర్వాతే ‘ఏమీ పెరగలేదు’ అని తేలుస్తారు. ఈలోగా రోగికి జ్వరం తగ్గుతుంది, మూడో రోజో నాలుగో రోజో డిశ్చార్జి చేస్తారు, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫైలు వెళ్లిపోతుంది. ఆ ఫైలులో కల్చర్ బిల్లు ఉంటుంది, రిపోర్టు ఉండదు. రిపోర్టు లేని పరీక్షకు డబ్బు ఇవ్వరు కాబట్టి ఆ వరుసకు ఎదురుగా కోత పడుతుంది. కల్చర్ విషయంలో కాగితాల పని శాంపిల్ ఇచ్చేటప్పుడే మొదలుపెట్టాలని చెప్పడం అందుకే.

మొట్టమొదట చూసుకోవలసింది డాక్టరు రాతపూర్వకంగా ఇచ్చిన సలహా. వార్డులో నోటిమాటగా చెప్పి శాంపిల్ తీయించడం మామూలే అయినా, కేసు షీటులో గాని చీటీ మీద గాని తేదీతో సహా ‘యూరిన్ కల్చర్ అండ్ సెన్సిటివిటీ’ అనో, ‘బ్లడ్ కల్చర్, రెండు సెట్లు’ అనో రాసి, ఏ జబ్బు అనుమానంతో చేయిస్తున్నారో పక్కనే ఉండేలా చూడాలి. రోగి అంతకుముందు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు వేయించుకుని ఉంటే ఆ మాట దాచకుండా చెప్పి, కేసు షీటులో రాయించాలి. యాంటీబయోటిక్ పడిన తర్వాత తీసిన శాంపిల్‌లో సూక్ష్మజీవి పెరగకపోవడం తరచుగా జరిగేదే. ఆ సంగతి ఎక్కడా రాసి లేకపోతే, ‘ఏమీ పెరగలేదు’ అన్న రిపోర్టును చూపించి, అసలు ఇన్‌ఫెక్షనే లేనప్పుడు ఇన్ని రోజులు ఆస్పత్రిలో ఎందుకున్నారని టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు పరిశీలించే సంస్థ) వారు ప్రశ్న వేయడానికి వీలుంటుంది. ఆర్ఎంపీ పేరు చెబితే డాక్టరు కోప్పడతారని మనవాళ్లు నోరు విప్పరు. ఆ మొహమాటం వైద్యానికీ క్లెయిముకూ రెండింటికీ చెరుపే.

బిల్లు తీసుకునేటప్పుడు ‘ల్యాబ్ చార్జీలు’ అని ఒకే మొత్తం వేసిన కాగితంతో సరిపెట్టుకోకూడదు. ఏ పరీక్షకు ఎంత అన్నది, ఏ తేదీన చేశారన్నది విడివిడిగా ఉన్న బిల్లు అడిగి తీసుకోవాలి. కల్చర్‌కు ఒక ధర, సెన్సిటివిటీకి వేరే ధర వేసే ల్యాబులున్నాయి, రెండూ కలిపి వేసేవీ ఉన్నాయి. విడిగా వేసే చోట, రిపోర్టులో సూక్ష్మజీవి పెరగలేదని ఉండి బిల్లులో సెన్సిటివిటీ డబ్బు కూడా ఉంటే, జరగని పరీక్షకు మీరు చెల్లించినట్టే. కౌంటరు దగ్గరే అడిగి సవరించుకోవాలి. రక్తం కల్చర్‌లో చిక్కు మరోలా ఉంటుంది. చర్మం మీది సూక్ష్మజీవి శాంపిల్‌లో కలిసిందో, నిజంగా రక్తంలోనే ఉందో తేల్చడానికి వేర్వేరు చోట్ల నుంచి రెండు సెట్లు తీయడం సరైన పద్ధతి. కానీ బిల్లులో ఒకే తేదీన ఒకే పేరు రెండుసార్లు కనిపించేసరికి పొరపాటున రెండుసార్లు పడిందని భావించి ఒకటి కొట్టేసే ప్రమాదముంది. ‘కుడి చేయి’, ‘ఎడమ చేయి’ అనో, శాంపిల్ తీసిన వేళలనో బిల్లులోనూ రిపోర్టులోనూ వేయించుకుంటే ఆ పేచీ రాదు. మూత్రం శాంపిల్‌లో రకరకాల సూక్ష్మజీవులు కలగలిసి పెరిగాయని మళ్లీ పరీక్ష చేయిస్తే, మొదటి రిపోర్టును పారేయకుండా రెండోదానికి జతచేయాలి. మళ్లీ ఎందుకు చేయవలసి వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే.

మన జిల్లాల్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చాలా చిన్న ఆస్పత్రులు కల్చర్‌ను తమ దగ్గర చేయకుండా శాంపిల్‌ను హైదరాబాద్ ల్యాబుకు పంపుతాయి. అప్పుడు బిల్లు ఆస్పత్రి పేరు మీద, రిపోర్టు ల్యాబు పేరు మీద వస్తుంది. శాంపిల్‌ను బయటి ల్యాబుకు పంపినట్టు బిల్లు మీదనో విడి కాగితం మీదనో రాయించి, ఆస్పత్రి ముద్ర వేయించుకోవాలి. రిపోర్టు పై భాగాన్ని అక్కడే నిలబడి చదవాలి. రోగి పేరు, వయసు, శాంపిల్ నంబరు, శాంపిల్ తీసిన తేదీ, ల్యాబుకు అందిన తేదీ, రిపోర్టు ఇచ్చిన తేదీ అన్నీ అక్కడే ఉంటాయి. పాలసీలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరుండి, ల్యాబు కుర్రవాడు ‘లక్ష్మమ్మ, 50’ అని మాత్రమే కొట్టి ఉంటే, ఊళ్లో ఎంతమంది లక్ష్మమ్మలున్నారో ఎవరికి తెలుసు? పేరు, వయసు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. చివర మైక్రోబయాలజిస్టు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ‘ప్రిలిమినరీ’ అని ఉన్నది మధ్యంతర రిపోర్టు మాత్రమే. క్లెయిముకు ‘ఫైనల్’ అని ఉన్నదే పెట్టాలి.

డిశ్చార్జి నాటికి రిపోర్టు రాకపోతే, డిశ్చార్జి సమ్మరీలో ‘కల్చర్ రిపోర్టు రావలసి ఉంది’ అని తేదీతో రాయమని డాక్టరును అడగాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే, తర్వాత వచ్చిన రిపోర్టును అదే చికిత్సకు సంబంధించినదిగా చూపించడం సులువవుతుంది. క్యాష్‌లెస్‌లో కోత పడిన కల్చర్ మొత్తాన్ని, రిపోర్టు వచ్చాక అదే క్లెయిము నంబరు వేసి, బిల్లు, రసీదు జతచేసి తిరిగి అడగవచ్చు. ఇంటికొచ్చాక మళ్లీ చేయించిన కల్చర్ కూడా అదే జబ్బుకైతే ఆస్పత్రి తర్వాతి ఖర్చుల కింద వస్తుంది. చాలా పాలసీల్లో ఆస్పత్రికి ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులకు వీలుంటుంది గాని, గడువు కంపెనీనిబట్టి మారుతుంది కనుక మీ పాలసీ కాగితం చూసుకోవాలి.

కంపెనీ చెప్పే కారణాల్లో రెండింటి గురించి వివరంగా తెలిసి ఉండడం మంచిది. మొదటిది ‘ఎక్స్‌సీఎల్ 04’ అనే మినహాయింపు. కేవలం పరీక్షల కోసమే ఆస్పత్రిలో చేరితే ఖర్చు ఇవ్వరని దాని సారాంశం. నరానికి ఎక్కించిన యాంటీబయోటిక్, జ్వరం చార్టు, డాక్టరు రోజువారీ నోట్సు ఫైలులో ఉంటే, చేరింది చికిత్సకేనని వాదించడం కష్టం కాదు. రెండోది గది అద్దె లెక్క. పాలసీ పరిమితిని మించిన గది తీసుకుంటే, మిగిలిన ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో తగ్గించే పద్ధతి కొన్ని పాలసీల్లో ఉంది. అయితే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మందులు, ఇంప్లాంట్లు, రోగనిర్ధారణ పరీక్షల ఖర్చును ఆ నిష్పత్తి కోతలోకి తీసుకురాకూడదు. గది అద్దె ఎక్కువైందని కల్చర్ బిల్లును కూడా తగ్గించి ఉంటే, ఈ మార్గదర్శకాన్ని పేర్కొంటూ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. గట్టిగా అడగడానికి ఆధారం ఉండి కూడా మనవాళ్లు వదిలేసే డబ్బు ఇదేనని నా అభిప్రాయం.

ఆరోగ్యశ్రీ కింద చేరినవారికి ఈ బిల్లుల గొడవ ఉండకూడదు. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం మొదట మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో దీని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆమోదించిన చికిత్సకు కావలసిన పరీక్షలు ప్యాకేజీలోనే ఉంటాయి. కల్చర్‌కు విడిగా డబ్బు కట్టమంటే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రకు చెప్పాలి, లేదా 104కు ఫోన్ చేయాలి. కట్టవలసే వస్తే రసీదు మాత్రం వదలకూడదు.

ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు 1972 నాటి వైద్య సహాయ నియమాల కింద రీయింబర్స్‌మెంటు కోరేటప్పుడు డిశ్చార్జి అయిన 6 నెలల్లోపు కాగితాలు పెట్టాలి. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్‌తో (ఆ చికిత్స అవసరమేనని డాక్టరు ఇచ్చే పత్రంతో) జతపరిచే బిల్లుల్లో కల్చర్ విడిగా కనిపించాలి, దాని మీద చికిత్స చేసిన డాక్టరు సంతకం ఉండాలి.

ఆస్పత్రిలో చేరకుండా చేయించిన కల్చర్‌కు ఓపీ ఖర్చులిచ్చే పాలసీ ఉంటే తప్ప డబ్బు తిరిగి రాదు. అటువంటివారు ముందుగా నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో అడిగి చూడడం మేలు. క్షయ అనుమానమైతే జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం కనుక కళ్లె కల్చర్‌కు బయట ఖర్చు పెట్టనక్కరలేదు.

ఇంత చేసినా క్లెయిము తోసిపుచ్చితే, ఏ షరతు కింద తోసిపుచ్చారో రాతలో తీసుకుని, ముందుగా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో గాని, 155255 నంబరులో గాని ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులను విచారించే అధికారిని) ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. ఫిర్యాదుకు పాలసీ నకలు, తిరస్కరణ లేఖ, డాక్టరు సలహా చీటీ, విడివిడి బిల్లు, ఫైనల్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ తేదీల వరుసలో పెట్టి జతచేయాలి. అసలు కాగితాలు కంపెనీకి పంపేముందే అన్నిటికీ జిరాక్సులు తీసి ఉంచుకోవాలి.