కకాడు నేషనల్ పార్కు చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు చాలామంది సిడ్నీ, మెల్‌బోర్న్ చూసి తిరిగొచ్చేస్తారు. వీలుంటే ఉత్తరాన డార్విన్ దాకా వెళ్లండి. అక్కడి నుంచి కారులో సుమారు మూడు గంటలు ప్రయాణిస్తే కకాడు. దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల అడవులు, చిత్తడి నేలలు, రాతి కొండలు. బినింజ్, ముంగ్గుయ్ ఆదివాసీల సొంత గడ్డ ఇది. ప్రభుత్వంతో కలిసి పార్కును వాళ్లే నడుపుతున్నారు. ఒకరి ఇంటికి వెళ్తున్నామన్న మర్యాదతో వెళ్లాలి.

1. ముందు నెల చూసుకోండి

డిసెంబరు సెలవులకు టికెట్లు కొనేయకండి. అప్పటికి వానలు మొదలవుతాయి, మార్చి దాకా వరదలతో చాలా దారులు మూసేస్తారు. మనలాగే బినింజ్ ప్రజలకూ ఏడాదికి ఆరు రుతువులు. వాటిలో వుర్గెంగ్, అంటే జూన్ నుంచి ఆగస్టు మధ్య వరకు, చల్లగా ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్తే అదే మంచిది. పక్షుల కోసమే అయితే సెప్టెంబరు మేలు. ఎండ మండిపోతుంది, కానీ నీళ్లు తగ్గి పక్షులన్నీ మిగిలిన మడుగుల దగ్గరికి చేరతాయి.

2. పాస్, కారు

పార్కు పాస్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. వానలు లేని నెలల్లో ముఖ్యమైన చోట్లకు మామూలు కారు చాలు. జిమ్ జిమ్ జలపాతానికి మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. చీకటి పడ్డాక నడపకండి, జంతువులు రోడ్డు మీదికి వస్తాయి. సరుకులు డార్విన్‌లోనే తీసుకోండి. జబిరు ఊరు దాటితే ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడి బొవాలి సందర్శకుల కేంద్రంలో ఏ దారులు తెరిచారో అడిగి బయల్దేరండి.

3. బండల మీద గీసిన బొమ్మలకు తీరిగ్గా సమయం ఇవ్వండి

నా దృష్టిలో కకాడు ప్రాణం ఇక్కడే ఉంది. ఉబిర్ అనే చోట బండల మీద చేపలు, తాబేళ్లను లోపలి ఎముకలు కూడా కనిపించేలా గీశారు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో 2,000 ఏళ్లకు ముందే అంతరించిన థైలసీన్ (టాస్మేనియన్ టైగర్) అనే జంతువు బొమ్మ కూడా ఉంది. సాయంత్రం అక్కడి నదాబ్ బండ ఎక్కితే పచ్చటి వరద మైదానం మీద సూర్యాస్తమయం చూడొచ్చు.

బురుంగ్‌కుయ్ అనే మరో చోట బండ మీద పిడుగుల దేవుడు నమర్గోన్ బొమ్మ ఉంటుంది. మోచేతులకు, మోకాళ్లకు రాతి గొడ్డళ్లు. వాటితో మబ్బుల్ని కొడితే ఉరుములు పుడతాయని నమ్మకం. ఇక్కడి కొన్ని బొమ్మల్ని 1960లలో నయోంబోల్మి అనే చిత్రకారుడు వేశారు. కాబట్టి దీన్ని ఎప్పుడో ఆగిపోయిన కళ అనుకోకండి. బొమ్మల్ని ముట్టుకోకూడదు. ఫొటోలు వద్దని బోర్డు ఉన్నచోట ఫోన్ జేబులో పెట్టేయండి.

4. నీళ్లకు దూరం

నది కనిపిస్తే దిగి కాళ్లు కడుక్కోవడం మనకు అలవాటు. ఇక్కడ ఆ పని చేయొద్దు. ఉప్పునీటి మొసళ్లు మంచినీటి మడుగుల్లోనూ ఉంటాయి. ఒడ్డుకు కనీసం ఐదు మీటర్ల దూరంలో ఉండండి, పిల్లల చెయ్యి వదలకండి. మొసళ్లను చూడాలంటే ఎల్లో వాటర్ అనే మడుగులో తెల్లవారుజాము పడవ ఎక్కండి. ఈస్ట్ అలిగేటర్ నదిని రోడ్డు దాటే కాహిల్స్ క్రాసింగ్ దగ్గర అయితే ఒడ్డున కాకుండా వేదిక మీద నిలబడి చూడండి. ఆ నది దాటితే ఆర్న్‌హెమ్ ల్యాండ్ అనే ఆదివాసీల ప్రాంతం. అక్కడికి వేరే పర్మిట్ ఉండాలి, దానికి ముందుగానే దరఖాస్తు పెట్టుకోండి.